ఒక్క ‘తీయా’లో ఇమడని నలుగురు

*స్పానిష్ బంధుపదములను, వాని లింగభేదములను నేర్చుచున్న మన పిల్లలు. వరుస తప్పనీయని కరీంనగరము, ఆదిలాబాదు ఇండ్లు*

ఆదివారము ఉదయము కరీంనగరము మంకమ్మతోటలోని ఒక యింటి వసారాలో, చాటలో కందిపప్పు పోసికొని రాళ్లేరుచు కూర్చున్న డెబ్బదియేండ్ల ముదుసలి యెదుట, నీళ్లచెంబుకు ఆనించి నిలిపిన సెల్‌ఫోనులో, డాలస్ నగరమున శనివారము రాత్రి భోజనము ముగించి బడిపనికి కూర్చున్న తొమ్మిదేండ్ల మనుమరాలు కనబడుచున్నది. ఆ పిల్ల చేతిలో ఒక కాగితము, కాగితముపై ఒక చెట్టు బొమ్మ, చెట్టు కొమ్మకొమ్మకు ఒక్కొక్క గడి కలవు. అడుగుగడిలో ‘యో’, అనగా నేను. దానిపైన ‘పాద్రె’, ‘మాద్రె’. ఆ పైన ఇరువైపుల ‘అబ్వేలో’, ‘అబ్వేలా’. పక్కకొమ్మలందు ‘తీయో’, ‘తీయా’. స్పానిష్ పంతులమ్మ యిచ్చిన యింటిపని యది.

“బాపమ్మా, తీయా అంటే ఆంటీ. నాకు తీయాలు ఎంతమంది?”

“మనింట్ల ఆంటీలెవ్వరు లేరు బిడ్డా. మీ బాపు చెల్లె మేనత్త ఉన్నది. మీ మేనమామ పెండ్లాం అత్తమ్మ ఉన్నది. మీ అమ్మ చెల్లె చిన్నమ్మ ఉన్నది. మీ కాక పెండ్లాం, గామె గూడ చిన్నమ్మనే.”

“అందరు తీయానే బాపమ్మా. ఒకటే డబ్బా ఉన్నది.”

“గట్లెట్లైతది? అత్త అత్తనే, చిన్నమ్మ చిన్నమ్మనే. మీ పంతులమ్మకు చెప్పు, ఇంకో మూడు డబ్బాలు గీయమని.”

కందిపప్పు చాట పక్కకు జరిగినది. అవ్వ కండ్లద్దాలు పెట్టుకొని ఫోనుకు దగ్గరగా వంగి, ఆ చెట్టులో ఎవ్వరెవ్వరికి చోటు దొరకలేదో ఒక్కొక్కరినే పేరుపెట్టి అడుగనారంభించినది. అబ్వేలా గడిలో తానున్నదట. జగిత్యాలలోని వియ్యపురాలును అదే పేరిటి గడిలో ఉన్నదట. బాపమ్మకును అమ్మమ్మకును పేరొక్కటే యెట్లయినదో ఆమెకు ఎంతకును పొసగలేదు.

ఇట్టి సంభాషణలు నేడు ఉమ్మడి కరీంనగరము జిల్లాలో పెక్కు ఇండ్లలో వినవచ్చుచున్నవి. అమెరికా బడులలో అన్యభాషగా అత్యధికులు చదువునది స్పానిషే. టెక్సాస్ వంటి రాష్ట్రములందు, మెక్సికో పొరుగునున్నందున, అది బడిభాష మాత్రమే గాక బజారుభాష కూడను. ఇచ్చట సైతము మూడవ భాషగా పిల్లలకు ఏది నేర్పవలెనన్న వాదము తెరపి లేక సాగుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఉన్నత పాఠశాలలలో నేర్పదగిన విదేశీభాషలను పేర్కొనుచు కొరియన్, జపానీ, ఫ్రెంచి, జర్మన్ మున్నగు వానితోపాటు స్పానిష్‌ను కూడ చేర్చినది. దాదాపు 50 కోట్లమందికి మాతృభాషయైన స్పానిష్‌ను నేర్వబూనిన యే బాలుడైనను, ఏ బాలిక యైనను, నమస్కారము, అంకెలు దాటిన పిమ్మట ముందుగా అడుగుపెట్టునది కుటుంబమను పాఠములోనికే. లింగభేదమను చిక్కు కూడ మొదట ఎదురగునది అచ్చటనే.

వరుస నడుగు భాష, లింగము నడుగు భాష

స్పానిష్ బంధుపదములలో అధికభాగము జంటలు. ఓకారాంతము పురుషుడు, ఆకారాంతము స్త్రీ. ‘ఇహో’ కొడుకు, ‘ఇహా’ బిడ్డ. ‘ఎర్మానో’ సోదరుడు, ‘ఎర్మానా’ సోదరి. ‘నియేతో’ మనుమడు, ‘నియేతా’ మనుమరాలు. ‘సొబ్రీనో’ (తోబుట్టువు కొడుకు), ‘ప్రీమో’ (తల్లిదండ్రుల తోబుట్టువుల కొడుకు), ‘కున్యాదో’ (బావ, బావమరది) మున్నగునవన్నియు ఒక్క అచ్చు మార్చినంతనే స్త్రీపదములగును. తల్లి, తండ్రి, అల్లుడు, కోడలు వంటి కొన్ని మాత్రము ఈ మూసకు లొంగవు. పదమునకు ముందు పురుషునకు ‘ఎల్’, స్త్రీకి ‘లా’ అను ఉపపదము నిలుచును. వెనుక వచ్చు విశేషణమును అదే లింగమును ధరించును. పొడవైన కొడుకు ‘ఆల్తో’, పొడవైన బిడ్డ ‘ఆల్తా’. మనకు మంచి కొడుకు, మంచి కోడలు. ‘మంచి’కి ఏ మార్పును లేదు.

ఐతే ఆ భాష అడుగనివి పెక్కు కలవు. ఎర్మానో అన్నయా, తమ్ముడా? చెప్పదు. అబ్వేలా తండ్రి తల్లియా, తల్లి తల్లియా? చెప్పదు. తీయా, ప్రీమో అను మాటలకు వచ్చుసరికి తెలుగింటివానికి కాలుచేతులాడవు. ప్రీమో యనగా పెదతండ్రి కొడుకు కావచ్చును. అతడు మనకు అన్న. మేనత్త కొడుకును ప్రీమోయే. అతడు మనకు బావ. అన్నతో రాఖీ, బావతో సరసము. అన్నను పెండ్లాడుట మహాపాతకము, బావను పెండ్లాడుట మొన్నమొన్నటి వరకు ఇంటింటి ముచ్చట. ఈ రెండింటిని ఒక్క మాటలో ముడివేయుట మన పెద్దలకు భాషాదోషముగా గాక నడతలోని దోషముగా కనబడుటలో వింత లేదు.

మేనరికమే ఈ తెలుగు వరుసల వెనుకనున్న సూత్రము. తల్లి తోబుట్టువు చిన్నమ్మ, పెద్దమ్మ. తండ్రి సోదరుని భార్యయు చిన్నమ్మ, పెద్దమ్మయే. వారి పిల్లలు మనకు తోబుట్టువులు. తండ్రి సోదరి అత్త. తల్లి సోదరుని భార్యయు అత్తయే. వారి పిల్లలు బావలు, మరదండ్లు. ఆ అత్తయే రేపు మగని తల్లిగా, ఆలి తల్లిగా మారుటకు అవకాశమున్నందున మగని తల్లికిని అత్తయనియే పేరు. ఇన్ని సంబంధములను నాలుగైదు మాటలలో తప్పులేక నిలిపిన ఆ పొందిక నాకు ఎప్పుడును ఆశ్చర్యము గొలుపును. 1955 నాటి హిందూ వివాహచట్టము సపిండ వివాహములను నిషేధించుచు, ఆచారమున్నచోట మినహాయింపు నిచ్చినది. మేనరికము ఆ మినహాయింపు మీదనే నిలిచినది. నేటి యువతరము వైద్యకారణములచేత మేనరికమునకు దూరమగుచున్నను, వరుసలు మాత్రము చెక్కుచెదరలేదు. పెండ్లి జరిగినను జరుగకున్నను బావ బావయే.

స్పానిష్ సైతము మొదటినుండియు ఇంత పొదుపరి కాదు. దానికి తల్లియైన లాటిన్‌లో తండ్రి సోదరునికి ‘పాత్రువుస్’, తల్లి సోదరునికి ‘అవుంకులుస్’, తండ్రి సోదరికి ‘అమితా’, తల్లి సోదరికి ‘మాతెర్తెరా’ అని నాలుగు వేర్వేరు మాటలుండెడివి. కాలక్రమమున ఆ నాలుగును స్పానిష్‌లో జారిపోయి, గ్రీకునుండి వచ్చిన ‘తీయో’, దాని జంటయైన ‘తీయా’ మాత్రము మిగిలినవి. ‘అంకుల్’, ‘ఆంటీ’ అను రెండు మాటలకు మన నగరములందు పెరుగుచున్న వాడుకను చూచినప్పుడు, లాటిన్‌కు పట్టిన గతి మనకును పట్టునేమోయని నేను భయపడుచుందును. వంద యేండ్ల పిమ్మట మేనత్త యను మాట నిఘంటువులో వెదకికొనవలసిన స్థితి రాకూడదు.

> మన మాట, వారి మాట
>
> బాపు / నాయిన — పాద్రె, ముద్దుగా పపా
> అవ్వ / అమ్మ — మాద్రె, ముద్దుగా మమా
> తాత — అబ్వేలో. బాపమ్మ, అమ్మమ్మ — ఇరువురును అబ్వేలా
> కాక, పెద్దబాపు, మేనమామ — మువ్వురును తీయో
> బిడ్డ — ఇహా. తూర్పుతీరమున ‘బిడ్డ’ యనగా ఆడయైనను మగయైనను శిశువు. మన జిల్లాలలో ఆ మాట కూతురికే చెల్లును.
> అల్లుడు, కోడలు — యెర్నో, న్వేరా
> వియ్యంకుడు, వియ్యపురాలు — కొన్‌స్వేగ్రో, కొన్‌స్వేగ్రా
> సడ్డకుడు, యారాలు — కొన్‌కున్యాదో, కొన్‌కున్యాదా

ఉర్దూ నేర్పిన పాఠము, మరాఠీ కలిపిన చుట్టరికము

స్పానిష్‌లో బంధువులకే గాక జడవస్తువులకును లింగము కలదు. కుర్చీకి లింగమేమి, తలుపునకు లింగమేమి యని కోస్తా జిల్లాల విద్యార్థి విస్తుపోవచ్చునేమో గాని, కరీంనగరము బజారులో పెరిగినవానికి ఆ విస్మయము పనిలేదు. నిజాము కాలమున బడిభాషగాను, కచేరీభాషగాను ఉండిన ఉర్దూ మన ఊళ్లలో నేటికిని ఇరుగుపొరుగు భాష. ‘చాచా ఆయా, చాచీ ఆయీ’ అని విని పెరిగిన చెవికి ఓకార ఆకారముల జంట క్రొత్తది కాదు. దాదా–దాదీ, నానా–నానీ, బేటా–బేటీ అను వరుసలో అబ్వేలో–అబ్వేలా తనంతట వచ్చి కూర్చుండును. ‘కుర్సీ’ స్త్రీలింగము, స్పానిష్ ‘సియా’యును స్త్రీలింగమే, ‘మేజ్’, ‘మేసా’ రెండును స్త్రీలింగములే. కాని ‘దర్వాజా’ పుంలింగము కాగా స్పానిష్ తలుపు ‘ప్వేర్తా’ స్త్రీలింగము. ‘ఘర్’ పుంలింగము కాగా ‘కాసా’ స్త్రీలింగము. ‘కితాబ్’ స్త్రీలింగము కాగా ‘లిబ్రో’ పుంలింగము. జడవస్తువుల లింగమునకు కారణము వెదకుట వ్యర్థమని, పదముతోపాటు దానిని కంఠస్థము చేయుటయే మార్గమని ఈ భేదములే చెప్పకచెప్పును. సంస్కృతము చదివిన మన తాతలకిది మునుపే తెలియును: భార్య యను అర్థముగల ‘దార’ శబ్దము పుంలింగము, ‘భార్యా’ స్త్రీలింగము, ‘కళత్రము’ నపుంసకము. ఇల్లాలు ఒకతెయే, లింగములు మూడు.

ఇక పెన్‌గంగ దాటిన మహారాష్ట్రమే. ఆదిలాబాదు, బేల, జైనథ్ ప్రాంతముల తెలుగువారికి మరాఠీ యింటిభాషతో సమానము. సిరిసిల్ల, కరీంనగరము పద్మశాలీలు తరతరములుగ భివండి, షోలాపురము మగ్గములకు వలసపోయి ఆ భాషను ఒంటబట్టించుకొనిరి. మన ‘కాక’ ఆ సహవాసమున పాతుకొనిన మాట. పెద్దపల్లి లోకసభ సభ్యుడుగా నుండిన గడ్డం వెంకటస్వామిని జనులు ‘కాకా’ యనియే పిలిచిరి.

ఆ మరాఠీ అత్తవారింట స్పానిష్‌కు దగ్గరి చుట్టములున్నారు. మరాఠీలో అత్త ‘సాసూ’, మామ ‘సాసరా’. స్పానిష్‌లో ‘స్వేగ్రా’, ‘స్వేగ్రో’. సంస్కృతమున ‘శ్వశ్రూ’, ‘శ్వశుర’. లాటిన్‌లో ‘సొక్రుస్’, ‘సొకెర్’. నాలుగు భాషలలోని ఈ మాటలును ఒక్క పురాతనమైన ఇంటినుండి బయలుదేరినవి. కోడలి సంగతి ఇంకను విచిత్రము. సంస్కృతమున ‘స్నుషా’, మరాఠీలో ‘సూన్’. అవతల లాటిన్‌లో ‘నురుస్’, స్పానిష్‌లో ‘న్వేరా’. తూర్పునకు వచ్చిన కోడలు ముందరి సకారమును వెంట తెచ్చుకొన్నది, పడమటికి పోయినది దానిని విడిచినది. పిత, మాత, పాద్రె, మాద్రెల పోలిక ఎవ్వరికైనను తోచును. మనుమని పేరైన ‘నియేతో’ వేదములలోని ‘నపాత్’ శబ్దమునకు బంధువని తెలిసినప్పుడు మాత్రము, అంత దూరపు చుట్టరికమును ఎవరైనను ఒక్క నిమిషము నిలిచి చూడక తప్పదు. తెలుగు అత్త, మామ, కోడలు ఈ వంశమువి కావు. అవి ద్రావిడ గృహమువి. ఆదిలాబాదు బజారులో మాత్రము ఆ రెండు వంశములును దినదినము పలుకరించుకొనుచునే యున్నవి.

> వంగరనుండి స్పానిష్ దాకా
>
> 1921 జూన్ 28న ఓరుగల్లు ప్రాంతమున లక్నేపల్లిలో పుట్టి, నాటి కరీంనగరము జిల్లా వంగరకు దత్తు వచ్చిన పాములపర్తి వేంకట నరసింహారావు 1957 నుండి 1977 వరకు మంథని శాసనసభ్యుడు, 1991 నుండి 1996 వరకు దేశ ప్రధానమంత్రి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, సంస్కృతములకు తోడు స్పానిష్‌ను కూడ నేర్చి సంభాషింపగలిగిన పండితుడు. విశ్వనాథవారి ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేర హిందీలోనికి, హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితము’ పేర తెలుగులోనికి తెచ్చెను. ఆప్టే నవల యంతయు ఉమ్మడి కుటుంబపు గోడల నడుమ నడచునది. అందలి నణంద్‌ను ఆడిబిడ్డగా, జావూను తోడికోడలిగా, వహినీని వదినెగా మార్చుట అనువాదకునికి పుటపుటకును తగులు పని. 2024లో ఆయనకు మరణానంతరము భారతరత్న ప్రకటింపబడెను.

అక్క వచ్చింది, ఆవు వచ్చింది

స్పానిష్ లింగవ్యవస్థను విమర్శించువారు మొదట చూపునది బహువచనము. అక్కచెల్లెండ్రు పదిమంది యుండి ఒక్క తమ్ముడు చేరినంతనే అందరును ‘ఎర్మానోస్’, పుంలింగము. తల్లిదండ్రులిరువురును కలిసి ‘పాద్రెస్’, అనగా అక్షరార్థమున తండ్రులు. అత్తయు మామయు కలిసి ‘స్వేగ్రోస్’, స్త్రీ కనబడదు. దీనికి మారుగా ఓకారమును ఆకారమును గాక ఏకారమును వాడి ‘ఎర్మానెస్’ వంటి ఉభయసామాన్య రూపములను కల్పింపవలెనని అర్జెంటీనా మున్నగు దేశముల యువకులు ఉద్యమించిరి. 1713లో స్థాపితమైన స్పానిష్ రాజ అకాడమీ ఆ రూపముల నంగీకరింపక, పుంలింగ బహువచనము స్త్రీపురుషుల నిరువురను కలుపుకొనునదే యని 2020లో సైతము తన నివేదికయందు నొక్కి చెప్పినది. 2022లో బ్యూనస్ ఐరిస్ నగరప్రభుత్వము బడులలో ఆ క్రొత్తరూపములను నిషేధింపగా పెద్ద వివాదము చెలరేగినది.

ఇది చదివి మనము గర్వింపబనిలేదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి పురుషవాచకములను మహత్తులనియు, తక్కినవానిని అమహత్తులనియు విభజించి, స్త్రీని ఏకవచనమున అమహత్తుతోను, బహువచనమున మహత్తుతోను చేర్చెను. కావున అన్న వచ్చిండు. అక్క వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది. ముగ్గురు అక్కలు వచ్చినచో ‘వచ్చిన్రు’ అని మనుష్యులలో కలియుదురు. మూడు ఆవులు మాత్రము ‘వచ్చినయి’. ఒంటరి స్త్రీకి లభింపని స్థానము గుంపులో లభించుట మన వ్యాకరణపు విశేషము. ఇది యెవరో కక్షగట్టి చేసిన కట్టడి కాదు. లిపి పుట్టకముందే ఏర్పడిన పొందిక. ఐనను బడిలో ఆడపిల్ల లేచి, ‘సారూ, నాకును బర్రెకును ఒక్కటే క్రియ యెందుకు?’ అని యడిగినచో ఆ ప్రశ్నను నవ్వి త్రోసివేయు ఉపాధ్యాయుని నేను మెచ్చను. గౌరవమునకు బహువచనము వాడి ‘అమ్మగారు వచ్చారు’ అనుట ఆ లోటును పూడ్చికొనుటకు జనులే వెదకికొన్న దారి.

ఆశ్చర్యమేమనగా, స్పానిష్ క్రియకు ఈ బెడద లేదు. అన్న వచ్చినను ‘వీనో’, అక్క వచ్చినను ‘వీనో’. కుర్చీకి సైతము లింగము నంటగట్టిన భాష, నడచివచ్చిన మనిషి స్త్రీయా పురుషుడా యని క్రియలో అడుగదు. జడములన్నింటికిని లింగభేదము లేని మన భాష, క్రియలో మాత్రము తప్పక అడుగును. మన విద్యార్థి ఇచ్చటనే తడబడును. క్రియకు ఆడురూపము ఏదో ఉండియే తీరవలెనని వెదకుచు కూర్చుండి, విశేషణమునకు ఆకారము చేర్చుట మరచును.

సమాసములలో మన భాష మరొక నడకను చూపినది. తల్లిదండ్రులు, అత్తమామలు, ఆలుమగలు, అక్కాబావలు: ఇరువురి పేరులును నిలిచినవి, పైగా స్త్రీ ముందు నిలిచినది. ‘అన్నావదినెలు’, ‘కొడుకుకోడండ్లు’ అనుచోట రక్తసంబంధి ముందు నడచునుగాని, అచ్చటను స్త్రీ మాయము కాదు. పాద్రెస్ అను మాటలో దాగిన తల్లిని తల్లిదండ్రులను మాట పట్టపగటి వెలుగులో నిలుపుచున్నది. స్పానిష్ అకాడమీవారికి, వారితో వాదించు యువకులకు కూడ ఈ సమాసములను చూపవలెనని నాకు కోరిక.

ఉట్నూరు బడిలో తొలినాళ్లు

బంధుపదమును, లింగమును కలిపి నేర్చుకొను కష్టము చూచుటకు డాలస్ దాకా పోనక్కరలేదు. ఆదిలాబాదు, ఆసిఫాబాదు కొండలలో ప్రతి సంవత్సరము బడిలో చేరు గోండు, కొలాము పిల్లలు తెలుగును ఈ విధముగనే ఎదుర్కొనుచున్నారు. 2011 జనగణన ప్రకారము దేశమున గోండి మాటలాడువారు 29 లక్షలకు పైబడినవారు, కొలామీ మాటలాడువారు లక్షకు పైబడినవారు. గోండియు మన తెలుగునకు తోబుట్టువే: తమ్ముడు ‘తమ్ముర్’, చెల్లెలు ‘సేలాడ్’, కొడుకు ‘మర్రి’, బిడ్డ ‘మియాడ్’. కాని లింగవిభాగము కొంత వేరు. అతడు వచ్చినచో ‘వాతోర్’. ఆమె వచ్చినను, అది వచ్చినను ‘వాతా’. ఇంతవరకు మనవలెనే. బహువచనమున మాత్రము గోండి తన దారి తాను పట్టినది: పురుషులు వచ్చినచో ‘వాతోర్క్’, స్త్రీలు వచ్చినచో ఎడ్లతోపాటు ‘వాతాంగ్’. తెలుగున గుంపులో స్త్రీకి దక్కిన మనుష్యత్వపు క్రియ గోండిలో దక్కలేదు. కొలామీలో సైతము స్త్రీ రెండు వచనములందును అమహత్తుతోనే చేరును.

అట్టి యింటినుండి వచ్చిన ఆరేండ్ల పిల్లవాడు ‘అక్కలు వచ్చినయి’ అన్నచో, ‘ముగ్గురు అక్కలు’ అనక ‘మూడు అక్కలు’ అన్నచో, అది తెలివితక్కువతనము కాదు. తన తల్లి వ్యాకరణమును అతడు నమ్మకముగ పాటించుటయే. ఈ యొక్క సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు బెత్తము నెత్తడు. నిజాము నెదిరించిన గోండు నాయకుడు కొమురం భీము 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన తరువాత నిజాము ప్రభుత్వము కనుతెరచి రప్పించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ సత్యమును గ్రహించెను. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ నిప్పించి, గోండి వాచకములను దేవనాగరిలో అచ్చువేయించెను. ఎనుబదియేండ్లు గడచినవి. నార్నూరు మండలపు గుంజాలలో దొరికిన వ్రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరినది గాని, మొదటి తరగతిలో గోండి మాట వినబడు బడులు నేటికిని చాలవు. స్పానిష్‌ను నేర్పుటకు ఉత్సాహపడు ప్రభుత్వములు, తలిదండ్రులు ఈ పిల్లల వైపును చూడవలెనని కోరుచున్నాను.

గోండుల బంధుత్వము ఇంటి గోడలతో ఆగునది కాదు. నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ములను దైవములుగా కొలుచు నాలుగు ‘సగ’లుగా వారి సమాజము ఏర్పడినది, ఒకే సగలోనివారు తోబుట్టువులు, పెండ్లి వేరు సగలోనే. పుష్యమాస అమావాస్యనాడు కేస్లాపురము నాగోబా జాతరలో మెస్రం వంశమునకు క్రొత్తగ వచ్చిన కోడండ్లను తెల్లచీరలలో దైవము నెదుట నిలిపి పరిచయము చేయుదురు. ‘భేటి’ యను ఆ తంతు ముగిసినగాని కోడలు ఆ వంశపు కోడలు కాదు. కోడలు అను మాటను నిఘంటువులో చూచుటకును, ఆ రాత్రి కేస్లాపురములో చూచుటకును ఎంతో అంతరమున్నది.

> అనంతపురములో పద్రీనోలు
>
> తెలుగుదేశమున స్పానిష్ బంధుపదము గ్రామగ్రామమునకు చేరినచోటు అనంతపురము. 1920లో బార్సిలోనాలో జన్మించి, 1952లో భారతదేశమునకు వచ్చిన విసెంతె ఫెర్రర్ 1969లో అనంతపురము చేరి గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పెను. 2009 జూన్ 19న అచ్చటనే కన్నుమూసెను. స్పెయిన్‌లోని దాతలొక్కొక్కరు ఒక్కొక్క బాలునికి, బాలికకు అండగా నిలుచు పద్ధతి ఆ సంస్థకు ఆయువుపట్టు. అట్టి దాత పురుషుడైనచో ‘పద్రీనో’, స్త్రీయైనచో ‘మద్రీనా’. జ్ఞానస్నానమున బిడ్డకు అండనుండు జ్ఞానతండ్రికి, జ్ఞానతల్లికి గల పేర్లవి. పిల్లల తెలుగు ఉత్తరములు స్పానిష్‌లోనికి మారి సముద్రము దాటును.

నేర్చుకొను దారి

తెలుగువానికి ఉచ్చారణ విషయమున కొన్ని సౌకర్యములు పుట్టుకతో వచ్చినవి. స్పానిష్ తకార దకారములు మన దంత్యములే. అచ్చులు ఐదును స్పష్టములు. పదములలో పెక్కు అజంతములు. హకారముతో వ్రాసిన ‘ఎర్మానో’లో హకారము పలుకదు, జకారముతో వ్రాసిన ‘ఇహో’లో హకారము పలుకును, ఈ రెండు మెలికలు దాటినచో బంధుపదములన్నియు నోటికి వచ్చును.

పదమును ఒంటరిగా నేర్వరాదు. ఎల్, లా అను ఉపపదముతోనే వల్లెవేయవలెను. జంటను జంటగా పలుకవలెను. ‘ఫమీలియా’ యను మాట ఇంటిలో అందరును మగవారైనను స్త్రీలింగమే. ‘పెర్సోనా’ మగవానిని గూర్చి చెప్పినను స్త్రీలింగమే. ‘నా’ యను అర్థమున ‘మి’ లింగమును బట్టి మారదు. ‘మా’ యను అర్థమున ‘న్వెస్త్రో’, ‘న్వెస్త్రా’ అని మారును, అదియును చెప్పువాని లింగమును బట్టి గాక, చెప్పబడు బంధువును బట్టి. తండ్రి చెప్పినను మా బిడ్డ ‘న్వెస్త్రా ఇహా’యే.

పిలుపులలో మాత్రము స్పానిష్‌వారు మనకు మిక్కిలి దగ్గరివారు. మెక్సికోలోను, టెక్సాస్‌లోను పెద్దవారు చుట్టము కాని పిల్లవానిని సైతము ‘మీహో’, పిల్లను ‘మీహా’ అని పిలుతురు. అది అచ్చముగ మన ‘కొడుకా’, ‘బిడ్డా’. స్పెయిన్ వీథులలో తెలియనివానిని కూడ ‘తీయో’ యనుట కలదు. మన బస్‌స్టాండులో ముక్కుముఖమెరుగనివానిని ‘కాకా, జర జరుగవె’ అన్నట్లే.

ఇక వరుసల మాట. మంకమ్మతోట ముదుసలి అడిగిన మూడు గళ్లను స్పానిష్ గీయజాలదని యనుకొనరాదు. మేనత్తను ‘లా ఎర్మానా దె మి పాద్రె’, నా తండ్రి సోదరి, అని విప్పి చెప్పవచ్చును. పినతల్లిని ‘లా ఎర్మానా దె మి మాద్రె’ అనవచ్చును. అన్నను ‘ఎర్మానో మయోర్’, తమ్ముని ‘ఎర్మానో మెనోర్’ అని వయసుచేత వేరుచేయవచ్చును. బాపమ్మను ‘అబ్వేలా పతెర్నా’, అమ్మమ్మను ‘అబ్వేలా మతెర్నా’ అనుట ఆ భాషలో సాధువే. బావ ఒక్కడే కొంత శ్రమ పెట్టును: ‘నా తండ్రి సోదరి కొడుకు’ అని అతనిని మూడు మెట్లలో చెప్పవలెను. కొన్నియెడల స్పానిష్ ఇంగ్లీషుకంటె మనకు ఎక్కువ చేయూత నిచ్చును. ఇంగ్లీషువారికి నాలుగు మాటలు కూర్చినగాని చెప్పనలవికాని వియ్యపురాలిని స్పానిష్ ‘కొన్‌స్వేగ్రా’ అని ఒక్క మాటలో పలుకరించును. సడ్డకునకును అందు పీట యున్నది.

హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున స్పానిష్ బోధన జరుగుచున్నది. అచ్చటి ఆచార్యులు, మన జిల్లాల తెలుగు పండితులు కూడి, కరీంనగరము యాసలోని బంధుపదములకు స్పానిష్ సమానపదములనిచ్చు చిన్న పుస్తకమొకటి వెలువరింపగలరు. పత్రికాభాషలోని పినతండ్రి, తోడల్లుడు అను మాటలకు బదులు, ఇంటిలో పలుకు ‘కాక’, సడ్డకుడు, యారాలు, బాపమ్మలకు అందు చోటుండవలెను; ఒక్కొక్క పదము కింద పుస్తెకట్టిన బంధువో, పేగుపంచుకొన్న బంధువో తెలియజేయు వివరణ యుండవలెను; చివరి నిలువుగడిలో గోండి, కొలామీ మాటలు, వాని క్రియలతోసహా చేరవలెను. డాలస్‌లోని పిల్లకును, ఉట్నూరులోని పిల్లవానికిని ఆ యొక్క పుస్తకమే సరిపోవును.